బావ ముక్కుకు జలుబు

కూరగాయల మార్కెట్ వెనకనున్న గ్యాసు ట్యాంకుకు బావ ముక్కే మీటరు. పాడైన కూరలు, మగ్గిపోయిన పళ్లు నుజ్జుచేసి నీళ్లు కలిపి పోస్తే, గాలి చొరబడని ఆ చీకట్లో కంటికి కనపడని జీవులు వాటిని తిని గ్యాసు వదులుతాయి. ఆ గ్యాసు గొట్టంలోంచి రోడ్డవతల అక్క నడిపే క్యాంటీను పొయ్యికి వెళ్తుంది. ట్యాంకులోంచి బయటికొచ్చే చిక్కటి నీళ్లు దోసిట్లో పట్టి బావ వాసన చూశాడంటే, లోపల ఎవరికి అరిగిందో ఎవరికి అరగలేదో చెప్పేసేవాడు. పక్కవీధిలో పాలు విరిగితే ఆ ఇంటివాళ్లకంటే ఆయనకే ముందు తెలిసేదంటే, కాస్త తగ్గించి చెప్పినట్టే.

అలాంటి ముక్కు జలుబుతో మూతపడింది.

సరిగ్గా అప్పుడే, ట్యాంకుకు మేత పోసే బామ్మర్ది కొంప ముంచాడు. కూరల తొక్కల్లో కలిపి వారమంతా కొంచెం కొంచెంగా పోయాల్సిన కుళ్లు అనాసలూ బత్తాయిలూ, రోజూ ఎవడు మోస్తాడులెమ్మని, బండెడూ ఒక్క ఊపున ట్యాంకులోకి దించేశాడు.

"ఏమయ్యోయ్!" రోడ్డవతల నుంచి అక్క కేక. "మంట ఆవలిస్తోంది! బియ్యం సగం ఉడికి కూర్చున్నాయి!"

బావ ట్యాంకు మీది గ్యాసు డోము వైపు చూశాడు. నిండుగానే లేచి ఉంది. దోసిట్లో నీళ్లు పట్టి గట్టిగా ఎగబీల్చాడు. గురగుర తప్ప ఏమీ రాలేదు.

"గ్యాసుంది గానీ పస లేదు. దీనికి ఆకలేస్తోందిరా. ఆ అరటిపళ్ల గుజ్జు ఇటు తే."

బామ్మర్ది గుజ్జు బకెట్ వైపు కదల్లేదు. అతని ముక్కు శుభ్రంగా పనిచేస్తోంది. ఆ నీళ్లు పుల్లగా, కళ్లు మండేంత ఘాటుగా కొడుతున్నాయి. పులిసిన ట్యాంకుకు ఇంకా తీపి పెడితే లోపలి జీవులన్నీ చస్తాయి. మళ్లీ పెంచాలంటే నెలలు పడుతుంది. పోనీ, చెబితే? వీడొద్దని బావ మొత్తుకుంటున్నా అక్క పోట్లాడి పెట్టించిన పని ఇది.

"కాసేపు ఆగుదామా బావా?"

"ఎందుకు? దానికి జోల పాడాలా?"

బావ బకెట్ ఎత్తి ట్యాంకు గరాటు అంచున ఆనించాడు. గుజ్జు జారుతోంది. బామ్మర్ది రెండు అరచేతులూ గరాటుకు అడ్డం పెట్టేశాడు. గుజ్జంతా మోచేతులదాకా పడింది.

"పులిసిపోయింది బావా. బండెడు పళ్లూ ఒకేసారి పోసింది నేనే."

బావ బకెట్ దించాడు. దోసిట్లో నీళ్లు పట్టి బామ్మర్ది ముక్కు కింద పెట్టాడు. తిట్టినా బాగుండేది.

"ఎంత పులుపు? సరిగ్గా చూసి చెప్పు."

"కన్నీళ్లొస్తున్నాయి."

"పులుపుకా, సిగ్గుకా?"

"తెలీట్లేదు బావా."

"మేత ఆపు. పులుపు విరిగేలా సున్నపు నీళ్లు కొద్దికొద్దిగా కలుపుదాం. బతికితే బతుకుతుంది. ముందు వెళ్లి మీ అక్కకు చెప్పు, వారందాకా గ్యాసు లేదని."

"నువ్వు చెప్పకూడదూ?"

"నేను దాని మొగుణ్ణిరా. ఇంటికెళ్లి బతకొద్దూ?"

క్యాంటీను గుమ్మంలో అక్క గరిటెతో నిలబడి ఉంది. బామ్మర్ది మెట్టెక్కకుండా, తలెత్తకుండా ఉన్నదంతా చెప్పాడు. గరిటె పైకి లేచింది, అక్కడే ఆగింది.

"లోపల జనం ఆకలితో కూర్చున్నారు," అంది అక్క. "ముందు కట్టెలు మోసుకురా. కొట్టడం తర్వాత."