గాలి కన్నాలు

హాలిస్ బాచిలర్ ఓ ఇంటికింద వెల్లకిలా పడుకుని, ముక్కుకు జానెడు ఎత్తులో ఉన్న దూలాన్ని స్క్రూడ్రైవర్‌తో పొడిచాడు. ఉడికిన చిలగడదుంపలోకి దిగినట్టు దిగింది. ‘ఛీ’ అనుకున్నాడు. ప్రతి ఇంటికిందా దిగకూడదనే కోరుకుంటాడు. ప్రతి ఇంటికిందా దిగుతూనే ఉంటుంది.

పైన దూలాల మధ్య చలి ఆపడానికి కుక్కిన గులాబీరంగు గాజుదూది తడిసి బరువెక్కి వేలాడుతోంది. రెండు చేతులా పట్టుకుని లాగాడు. అది ఊడి మొహమ్మీద పడింది, దాంతోపాటు ఓ గ్లాసెడు మురికినీళ్ళూ పడ్డాయి. నోరు గట్టిగా మూసుకుని, నీళ్ళు కారిపోయేదాకా ఆగి, భుజంతో కళ్ళు తుడుచుకున్నాడు. నుదుటికి కట్టుకున్న లైటు మీద మట్టి పడి వెలుగు సగమైంది.

టార్ నది ఒడ్డు ఊళ్ళలో ఇళ్ళను పొట్టి ఇటుక గోడల మీదకి ఎత్తి కడతారు. ఆ గోడల్లో గాలి కన్నాలు పెట్టి, చెక్కనేలకీ మట్టికీ మధ్య మనిషి పాకడానికి మాత్రం సందు వదులుతారు. ఎవడో ఒకడు ఏదో ఒకనాడు అందులో దూరాల్సి వస్తుందన్న ఇంగితం ఆ కట్టినవాళ్ళలో ఒక్కడికీ లేకపోయింది. ఆ దూరేవాడు హాలిస్, ఇళ్ళకింద చెమ్మ వదిలించే కంపెనీలో పనివాడు. పొట్టివాడై ఉంటే కొంత నయంగా ఉండేది. ఆరడుగుల మనిషి, అరవై దాటాడు, మోకాళ్ళు అరిగిపోయాయి, బట్టతల నిండా మేకులు గీసిన గాట్లు. ఆదివారం చర్చిలో కూర్చున్నా గోళ్ళలో బూడిదరంగు మట్టి కనిపిస్తూనే ఉంటుంది. ఇంత పాకినా జీతం మాత్రం పాకడం లేదు.

ఇవాళ ఒళ్ళు నొప్పులకన్నా పొద్దుటి గొడవ ఎక్కువ బాధపెడుతోంది. భార్య గ్లెండాది ఉబ్బసం. బడి కాంటీన్‌లో వంటచేసి రిటైరైన మనిషి, ఒకప్పుడు పిండి బస్తాలు ఒంటిచేత్తో ఎత్తేది. ఇప్పుడు పడకగదిలో పడుకోలేక, హాల్లో కుర్చీలో కూర్చుని తెల్లవార్లూ దగ్గుతోంది. డాక్టరు ముక్కుసూటిగా చెప్పేశాడు, మీ ఇంటికింది చెమ్మ వదిలితేగానీ ఈ దగ్గు వదలదని.

“సాయంత్రానికి పని మొదలవ్వాలి హాలిస్. ఇంక నాకు మాటలొద్దు” అంది పొద్దున, కాఫీ కప్పు అతని ముందు టక్కున పెట్టి. “లేకపోతే నేను బూన్ వెళ్ళిపోతాను, మా చెల్లి నాడీన్ దగ్గరికి. కొండమీద కనీసం ఊపిరాడుతుంది.”

“కంపెనీలో మిగిలిన తెల్ల ప్లాస్టిక్ రోల్ ఇవాళ ఇస్తానన్నాడుగా ట్రెంట్!”

“ఈస్టర్‌కీ ఇస్తానన్నాడు. వాడి కోసం ఎందుకు కాచుక్కూర్చోవడం? ఆ గాలి కన్నాలు మూసేసి, కింద మట్టిమీద కొట్లో దొరికే నల్ల ప్లాస్టిక్ పరిచి పారెయ్. ముందు ఏదో ఒకటి చెయ్యి.”

“నల్లదా! అది చెత్త సంచులకి పనికొస్తుంది. పని చేస్తే సరిగ్గా చెయ్యాలి, లేదంటే ముట్టుకోకూడదు.”

“ముట్టుకోకుండానే ఉన్నావుగా! ఊళ్ళోవాళ్ళ కొంపలన్నీ బాగుచేస్తావు. మన కొంప దగ్గరికొచ్చేసరికి నడుం నొప్పి.”

హాలిస్ లేచి, తలుపు దఢాల్న వేసి వచ్చేశాడు.

మధ్యాహ్నానికి పాతదూది అంతా బయటపడింది. హాలిస్, అతనితో కలిసి పనిచేసే విల్మర్, ఇద్దరూ మోకాళ్ళ మీద బయటికొచ్చి వరండా మెట్లమీద కూలబడ్డారు. విల్మర్ హోండురాస్ నుంచి వచ్చినవాడు, ముగ్గురు పిల్లల తండ్రి, నోటికి అడ్డూ ఆపూ లేదు. ఇంటావిడ మిస్ యూలా టొమాటో సాండ్‌విచ్‌లు, ఐసు వేసిన తియ్యటి టీ తెచ్చింది. ఎనభై దాటినా వెన్ను నిటారుగా ఉంది.

“ఏం నాయనా, నా కొంప ఎంతవరకు మునిగింది?”

“మూడు దూలాలు మార్చాలమ్మా. మిగతావి ఆరితే నిలుస్తాయి.”

“నిలవకపోతే ఊరుకుంటానా? మా ఆయన ట్రాక్టర్ అమ్మి పద్నాలుగు వేల డాలర్లు మీ కంపెనీ చేతిలో పోశాను. రూఫస్ బతికుంటే నన్ను గుమ్మంలోకి రానిచ్చేవాడు కాదు. మట్టికి దుప్పటి కప్పడానికి ట్రాక్టరా అని.” ఆవిడ పునాది గోడవైపు చూసింది. విల్మర్ పొద్దుటే రెండు మూడు గాలి కన్నాలకి చెక్కలు బిగించేశాడు. “అవి మాత్రం ఎందుకయ్యా మూస్తున్నారు? ఈస్టర్ మర్నాడు రూఫస్ స్వయంగా ఇల్లంతా చుట్టి తెరిచేవాడు, ఆయన పోయాక నేను తెరుస్తున్నాను. ఇల్లు ఊపిరి పీల్చుకోవాలి కదా!”

ఆ నది వెంబడి మగాళ్ళందరూ చేసే పనే అది. ఈస్టర్ మర్నాడు మిగిలిన పంది మాంసం తిని, నడుం వంచుకుంటూ ఇల్లు చుట్టూ తిరిగి కన్నాలు తెరుస్తారు. మొదటి మంచు పడ్డాక మూస్తారు. తాతలు చేశారు, తండ్రులు చేశారు. ఆ తాతల ఇళ్ళలో ఏసీలు లేవన్న సంగతి ఎవడికీ గుర్తురాదు.

హాలిస్ తన టీ గ్లాసు ఎత్తి చూపించాడు. బయటంతా చెమటపట్టి, నీళ్ళు మణికట్టు మీదుగా కారుతున్నాయి. “ఈ నీళ్ళు గ్లాసులోంచి రాలేదమ్మా, గాలిలోంచి వచ్చాయి. పైన మీరు ఏసీ పెడతారు, నేల చల్లబడుతుంది. కన్నాల్లోంచి జూలై గాలి వచ్చి దానికి తగులుతుంది. ఇక మీ దూలాలు వేసవంతా ఇలా చెమట కారుస్తూనే ఉంటాయి. ఊపిరి కాదు, అది నీళ్ళు తాగడం.”

ఆవిడ గ్లాసు వంక చూసింది. తన చేతిలో గ్లాసు వంకా చూసుకుంది. “ఎంత పిచ్చిదాన్నయ్యా! ఇన్నేళ్ళూ చేతులారా తెరిచాను.” తర్వాత కళ్ళు చిట్లించి అడిగింది. “మరి మీ ఇంట్లో మూసేశావు కదూ?”

హాలిస్ సాండ్‌విచ్ వైపు చెయ్యి చాచాడు. విల్మర్ టీ మింగబోయి పొలమారి, పకపకా నవ్వాడు.

“ఆయన ఇంటివి వాళ్ళ నాన్న పెట్టిన కన్నాలమ్మా! ఈస్టర్ మర్నాడు టోపీ తీసి మరీ తెరుస్తాడు!”

“నోరు మూసుకుని సాండ్‌విచ్ తిను” అన్నాడు హాలిస్. చెవులు ఎర్రబడ్డాయి. అబద్ధమైతే కోపం వచ్చేది, నిజం కనుక సిగ్గేసింది. ఆ ఇల్లు నాన్న కట్టింది. ఆ కన్నాల ఇనప తలుపులు నాన్న చేత్తో కోసి బిగించినవి. వాటిని శాశ్వతంగా మూసేస్తే నాన్నని తప్పుపట్టినట్టు ఉంటుందని లోపల ఏదో బెరుకు. ఊళ్ళోవాళ్ళకి చెప్పే పాఠం తన గుమ్మం దాకా వచ్చి ఆగిపోతుంది. పోనీ డబ్బు పెట్టి చేయిద్దామా అంటే, తన కంపెనీ పనివాళ్ళకిచ్చే తగ్గింపు రేటు కూడా చేతులు కాల్చేలాగే ఉంది. రెండేళ్ళ కిందట కొంత కూడబెట్టాడు. అదంతా పడవకి కొత్త మోటారు కింద పోశాడు. ఆ పడవ ఇప్పుడు పెరట్లో వాననీళ్ళు పడుతోంది. ఆ సంగతి గ్లెండా ఎత్తదు. ఎత్తినా బాగుండును.

నాలుగవకముందే ట్రెంట్ వచ్చాడు. కంపెనీ ఓనరు అల్లుడు, ఇస్త్రీ చొక్కా, చుట్టూ సెంటు వాసన. లోపలికి తొంగికూడా చూడకుండా, వ్యానులో మిగిలిన తెల్ల ప్లాస్టిక్ రోల్ మీద చెయ్యేశాడు.

“హాలిస్, నువ్వు బంగారం! ఇది నేను పట్టుకెళ్తున్నా. కొత్తగా ఒప్పుకున్న పనికి తక్కువ పడింది.”

“అది ఇవాళ నాకిస్తానన్నావు ట్రెంట్.”

“ఇస్తానయ్యా, ఎక్కడికి పోతాను? వచ్చేవారం తప్పకుండా. నీ ఇల్లు ఇన్నేళ్ళు ఆగింది, ఇంకో వారం ఆగదా?”

హాలిస్ పళ్ళు కొరికాడు. ఒక మాట నాలిక చివరిదాకా వచ్చింది. కానీ నోట్లోంచి “సరేలే” అని మాత్రమే వచ్చింది. ట్రెంట్ ట్రక్కు దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయింది.

“గట్టిగా అడగొచ్చుగా పెద్దాయనా! నోరు లేదా?” అన్నాడు విల్మర్.

“ఉంది. నీమీద అరవడానికి.”

ఇంటికి వెళ్ళే దారంతా ట్రెంట్ మీద మంట, విల్మర్ నవ్వు మీద మంట, అన్నిటికన్నా ఎక్కువ తన మీదే మంట. ఇంటిమలుపు దగ్గర బండి ఆపి, కాసేపు స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు. వట్టి చేతులతో గ్లెండా మొహం ఎలా చూడడం? బండి వెనక్కి తిప్పాడు. హార్డ్‌వేర్ కొట్లో ఆ నల్ల ప్లాస్టిక్కే, చెత్త సంచులకి పనికొస్తుందని తను తిట్టినదే, భుజాన వేసుకుని తెచ్చాడు. దాని ఖరీదు చూసి మరీ ఒళ్ళు మండింది. ఇద్దరూ ఒకపూట బయట తింటే అయ్యేంత కూడా లేదు.

గ్లెండా కారు లేదు. కిరాణాకి వెళ్ళి ఉంటుందనుకున్నాడు. మంచిదే, వచ్చేసరికి పని కనబడుతుంది. బట్టలైనా మార్చుకోకుండా నడుం వంచాడు. నాన్న బిగించిన ఇనప తలుపులు తుప్పుపట్టి కదల్లేదు. సుత్తితో కొట్టాడు. ఒకదాని తర్వాత ఒకటి మూసుకుంటూ ఇల్లు చుట్టూ తిరిగాడు. చివరిది మొరాయిస్తే, “కదలవయ్యా నాన్నా, చాలు!” అని గట్టిగా తిట్టి మూసేశాడు. తర్వాత ప్లాస్టిక్ ఈడ్చుకుంటూ కిందకి పాకి, పడకగది కింద మట్టిమీద పరిచాడు. ఆ నలుపు మట్టిని పూర్తిగా కప్పేసింది. పైన హాల్లో ఆమె రోజూ కూర్చునే కుర్చీ ఉన్నచోటికి సరిగ్గా కింద కూడా పరిచాడు. నిజానికి ఇది ఎప్పుడో చేయాల్సిన పని.

చీకటి పడకముందే బయటికొచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా లోపలికి వెళ్ళాడు. “గ్లెండా!” అని పిలిచాడు, కారు లేదని తెలిసే. పొయ్యిమీద బఠాణీల గిన్నె మూతపెట్టి ఉంది. అద్దం దగ్గర మందుల అర ఖాళీగా ఉంది. దాన్ని చూస్తూ నిలబడి, ఫోన్ చేశాడు.

“సాయంత్రం దాకా ఆగలేకపోయాను హాలిస్, మధ్యాహ్నమే ఇక్కడికి చేరాను” అంది గ్లెండా. వెనక నాడీన్ కుక్క మొరుగుతోంది.

“కన్నాలు మూసేశాను. నల్లది పరిచాను. పడకగది కిందంతా.”

గ్లెండా కుక్కని ఊరుకోమంది.

“మంచిపని చేశావు” అంది. గొంతులో ఎత్తిపొడుపు లేదు. అందుకే అతనికి భయమేసింది. “ఇక్కడికొచ్చాక ఒక్కసారి కూడా దగ్గలేదు తెలుసా? మెట్లెక్కాను, దిగాను. ఊపిరాడుతోంది హాలిస్. నేనింక రాను. బఠాణీలు వేడి చేసుకో.”

“ఆరిపోతుంది గ్లెండా. ఓ నెల…”

“ఆరితే నువ్వు హాయిగా ఉండు. నిజంగానే అంటున్నాను.”

ఫోన్ పెట్టేశాక పడకగదిలోకి వెళ్ళి ఆమె బట్టల బీరువా తెరిచాడు. ముక్కిపోయిన వాసన గుప్పుమంది. హ్యాంగర్లన్నీ ఖాళీగా వేలాడుతున్నాయి. అడుగున చర్చికి వేసుకునే తెల్లబూట్ల జత మాత్రం ఉంది. ఒక బూటు శుభ్రంగా తుడిచి ఉంది. రెండోదాని మీద మడమ నుంచి ముందు దాకా పచ్చని బూజు అలాగే ఉంది, దాని పక్కనే తడిగుడ్డ.