ఫల్గుణ రాయి

అరకులో రైలు దిగి, మ్యూజియం చూసి, బొంగులో చికెన్ తిని, సాయంత్రానికి మళ్లీ విశాఖ వెళ్లిపోయే రోజులు పోయాయి. ఇప్పుడు రెండు రోజులున్నా చాలదట. అద్దాల వంతెన వచ్చింది. నడుముకి తాడు కట్టుకుని ఈ కొండ మీంచి ఆ కొండ మీదికి జారే ఆట వచ్చింది. కోకలు అద్దెకిచ్చే కొట్టు వచ్చింది. హైదరాబాదు అమ్మాయిలు అక్కడ గిరిజన కట్టు కట్టుకుని, ముక్కుకి అంటించుకునే నత్తులు పెట్టుకుని, ఫోటో దిగి పది నిమిషాల్లో విప్పేస్తారు. కాఫీ తాగడానికి కాదు, కాఫీ రుచి చూడ్డానికని ఒక గది కట్టారు. ఆ రెండింటికీ తేడా ఏమిటో కాఫీ పండించేవాళ్లకి ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. వీటన్నిటినీ తలదన్నేలా జాకరగుడ కొండ మీద స్టోన్ గార్డెన్ వచ్చింది.

ఆ గార్డెన్‌లో రోజూ పొద్దున్నే చీపురు పట్టేది దేముడమ్మ. యాభై దాటిన మనిషి. మొగుడు పోయి మూడేళ్లు. కూతురు స్వర్ణ అక్కడే గేటు దగ్గర టికెట్లు చింపుతుంది. గార్డెన్ మధ్యలో గుండ్రంగా నిలబెట్టిన పదమూడు రాళ్లున్నాయి. వాటిలో ఒకటి దేముడమ్మ మొగుడిది. ఏది అతనిదో ఆమెకి తెలియదు.

తెలియకపోవడమేమిటని అడుగుతారు. ఆ సంగతే చెప్పాలి.

జాకరగుడలో మనిషి పోతే అయినవాళ్లు గెడ్డలోకి, అదే కొండవాగులోకి దిగి, ఆ మనిషికి తగ్గ రాయి ఒకటి వెతుకుతారు. భుజాల మీద మోసుకొచ్చి రాగులు పండే చోడి చేను గట్టున, పెద్దల వరసలో నిలబెడతారు. నిలబెట్టినంత మాత్రాన పోయినవాడు పెద్దల్లో కలిసినట్టు కాదు. పెద్దదినం జరగాలి. చుట్టాలందరూ రావాలి, డప్పులు మోగాలి, పెళ్లాం ఆ రాయి మీద చోడి అంబలి పోసి మొగుణ్ని పేరు పెట్టి పిలవాలి. అంతవరకు ఆ పేరు ఇంట్లో ఎవరి నోటా రాకూడదు. వచ్చిందా, పోయే మనిషి ఎవరో పిలిచారనుకుని వెనక్కి తిరుగుతాడు. ఇటు ఇల్లూ లేక, అటు పెద్దలూ లేక దారిలో ఉండిపోతాడు. ఇలాంటివి నమ్మేవాళ్లుంటారు, నవ్వేవాళ్లుంటారు. దేముడమ్మ నమ్మేది.

పెద్దదినం ఒక్క ఏడాదిలో తెమిలే పని కాదు. గింజలు కూడాలి. సీలేరులో పవర్‌హౌసు పనిలో ఉన్న మరిది మంగరాజుకి సెలవు దొరకాలి. పాచిపెంట వైపు ఇచ్చిన ఆడపడుచులు పిల్లాపాపలతో కదలాలి. మూడో ఏడు మాఘంలో చేద్దామనుకున్నారు. ఈలోగా దేముడమ్మ చేను పని అయ్యాక రోజూ ఆ రాయికి వీపు ఆనించి కాసేపు కూచునేది. మాట్లాడేది కూడా. "స్వర్ణకి సమ్మందం ఒచ్చింది. గుంట వద్దంతాంది. నువ్వేటంతావు?" అని అడిగేది. పేరు మాత్రం ఎత్తేది కాదు.

రెండేళ్ల కిందట, కాఫీ పళ్లు కోసే రోజుల్లో, ఊరంతా తోటల్లో ఉండగా సురేంద్ర వచ్చాడు. విజయనగరం వైపు మనిషి, గార్డెన్ కట్టే కంపెనీలో సూపర్‌వైజరు. చేతిలో ట్యాబ్ ఉంది. చెడ్డవాడు కాదు. ఈ కథలో చెడ్డవాడంటూ ఒకడు దొరికితే బావుండేది, తిట్టుకుని ఊరుకునేవాళ్లం.

"ఈ రాళ్లెవరివమ్మా?" అన్నాడు.

"మాయే బాబు. మా పెద్దోలయి."

"సమాధుల్లాంటివన్నమాట. అయితే పేర్లు చెప్పండి. పేరున్నవాటిని మేం ముట్టుకోం. ఫారంలో రాసుకుంటాను."

దేముడమ్మ వరసకేసి చూసింది. ఆ చివరన తాత మామ. తర్వాత మామ, అత్త, పెద్ద బావ. అలా పన్నెండు మందీ అత్తవారి మనుషులే. కోడలు వాళ్ల పేర్లు నోటితో పలకదు. ముప్పై ఏళ్లుగా పలకలేదు. పెళ్లయిన కొత్తలో ఒకసారి బావ పేరున్న పక్కూరి మనిషిని పిలవాల్సి వస్తే, పిలవలేక చేను చుట్టూ తిరిగి వెళ్లి ఎదురుగా నిలబడింది. అత్త ఆ మాట చెప్పుకుని నెల్లాళ్లు నవ్వింది. ఇక పదమూడోది మొగుడిది. దినం కాలేదు.

"ఇది మా మాంది, ఇది మా అత్తది" అంది.

"వరసలు కాదమ్మా, పేర్లు కావాలి."

"నాను సెప్పకూడదు బాబు. సందేల రా. మొగోలొత్తారు, ఆలు సెప్తారు."

"నాకింకా నాలుగు ఊళ్లున్నాయమ్మా. పోనీ ఒక్క పేరు చెప్పండి. ఒక్కటి రాసినా వరసంతా ఆపడానికి నాకు వీలుంటుంది."

ఒక్క పేరు. మొగుడి పేరు నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అతను దారిలో ఉన్నాడు, పిలిస్తే తిరిగి చూస్తాడు. దేముడమ్మ దాన్ని మింగేసింది.

"సందేల రా బాబు. బేగి ఒచ్చీసినా పర్లేదు, నాను కబురెడతాను" అంది.

సురేంద్ర సరేనని తలూపి, ఏదో నొక్కుకుని వెళ్లిపోయాడు. సాయంత్రం రాలేదు. దేముడమ్మ మగవాళ్లకి చెప్పింది. వస్తే చెబుదాంలే అన్నారు వాళ్లు. ఇంతోటిదానికి కొండ దిగి ఆఫీసు చుట్టూ ఎవరు తిరుగుతారని ఎవరి పని వాళ్లు చూసుకున్నారు.

మరుసటి ఏడు వానలు వెనకబట్టాక, ఊరంతా సంతకి పోయిన రోజు జేసీబీ వచ్చింది. సాయంత్రం తిరిగొచ్చేసరికి గట్టున పదమూడు గుంతలున్నాయి. రాళ్లు కొండ మీదున్నాయి. వాటి మీది నాచూ మట్టీ పోవడానికి యాసిడ్ పోసి కడిగారు. పైన తెల్ల పెయింటు వేశారు. ఆ తెలుపు మీద ఎర్రరంగుతో చేతులు పట్టుకుని ఆడే బొమ్మలు గీశారు. అడుగున జానెడెత్తు సిమెంటు పోశారు. ఏ రాయి ఏ గుంతలోదో రాసిపెట్టుకున్నవాడు లేడు. జేసీబీ వాడికి రాళ్లన్నీ రాళ్లే.

ఊరు ఊరంతా ఆఫీసుకి వెళ్లింది. రెండుసార్లు వెళ్లింది. అక్కడివాళ్లు మర్యాదగానే కూచోబెట్టి ఫారం చూపించారు. 'పేర్లు లేవు' అని ఉంది అందులో. పైగా ఒకప్పుడు పశువులు ఒళ్లు రుద్దుకునే రాళ్లని ఇప్పుడు దేశమంతా వచ్చి చూస్తోంది కదా, మీకది గౌరవం కాదా అన్నారు. ఊళ్లో ఇద్దరికి పనిస్తామన్నారు. దేముడమ్మ తనకీ కూతురికీ ఆ పని ఒప్పుకుంది. ఊళ్లో కొందరు చాటుగా అనకూడని మాటలన్నారు. అనుకోనీ. రాయి ఉన్నచోట తనుండాలనుకుంది, అంతే.

మంగరాజు చాటుగా అనలేదు. సీలేరు నుంచి వచ్చినవాడు వచ్చినట్టే గుమ్మంలో నిలబడి, "ఒక్క పేరు సెప్పలేకపోయావా వొదినా?" అన్నాడు.

"ఏ పేరు సెప్పమంతావు? మీ నాయిన పేరు సెప్పమంతావా, మీ అన్న పేరు సెప్పమంతావా?"

మంగరాజు గుమ్మంలోనే కూలబడ్డాడు. అన్న పేరు అతనూ ఎత్తలేదు మరి.

మాఘం వచ్చింది. గింజలున్నాయి, సెలవు దొరికింది, చుట్టాలు కదిలారు. ఈసారి తప్పితే మళ్లీ అందరూ కూడేది ఎప్పుడో చెప్పలేం. స్వర్ణ వెళ్లి సురేంద్రని అడిగింది. అతను సంతోషంగా ఒప్పుకున్నాడు. "పదకొండింటికి పెట్టుకోండి, టూరిస్టులు కూడా చూస్తారు" అన్నాడు. మంచి మాట చెబుతున్నాననే అనుకున్నాడు పాపం. స్వర్ణ తల దించుకుని, "మా నాన్న దినం సార్, చూడ్డానికి కాదు" అంది. అతను ముఖం ముడుచుకోలేదు. గేటు తెరిచేది తొమ్మిదింటికి కాబట్టి ఆలోగా ముగించుకోమన్నాడు.

తెల్లవారగానే నలభై మంది దాకా కొండెక్కారు. మంచు ఇంకా విడలేదు. డప్పులవాళ్లు చేతులు రుద్దుకుంటూ నిలబడ్డారు. దేముడమ్మ చేతిలో అంబలి ముంత ఉంది.

"ఎడం బుజం మీద మోసేను" అన్నాడు మంగరాజు. "నడుమెత్తు రాయి. ఓ పక్క తెల్ల సార, గీతలాగ ఉండీది." అతను రాళ్ల చుట్టూ తిరిగాడు. నడుమెత్తువి మూడున్నాయి. మూడింటి మీదా అదే తెలుపు, అవే ఎర్రబొమ్మలు. ఒకదాన్ని గోటితో గీకాడు. పెయింటు ఊడలేదు. రెండోదాన్ని గులకరాయితో గీకబోయి, అది ఎవరిదో తెలియదని గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తర్వాత వదినకేసి చూశాడు. నలభై మందీ ఆమెకేసే చూశారు.

ఆమె ముంత కూతురి చేతికిచ్చి, మొదటి రాయి దగ్గర కూచుని వీపు ఆనించింది. ఏడాదికి పైగా రోజూ ఆనుకున్న రాయి. కళ్లకి తెలియకపోయినా వీపుకి తెలుస్తుందనుకుంది. రాత్రంతా అదే ధైర్యంతో పడుకుంది. సిమెంటు దిమ్మ మీద కూచునేసరికి జానెడు ఎత్తయింది. ఇంతకు ముందు నడుముకి తగిలేది ఇప్పుడు ఎక్కడ తగలాలో వీపుకి అర్థం కాలేదు. లేచి రెండోదానికి ఆనుకుంది, మూడోదానికి ఆనుకుంది. మూడూ ఒకేలా చల్లగా, నున్నగా తగిలాయి. మళ్లీ మొదటిదాని దగ్గరికి వచ్చింది.

"అమ్మా, ఏది?" అంది స్వర్ణ మెల్లిగా. "ఎనిమిదిన్నరయింది."

తెలియదంటే ఏమవుతుందో దేముడమ్మకి తెలుసు. డప్పులు తిరిగి సంచుల్లోకి పోతాయి. చుట్టాలు బస్సెక్కుతారు. అతను దారిలోనే ఉండిపోతాడు. తెలుసని తప్పు రాయిని పిలిస్తేనో? మిగతా రెండూ అత్తదీ పెద్ద బావదీ అయి ఉండాలి, ఆ ఎత్తు రాళ్లు వాళ్లవే. అత్తదయితే ఫరవాలేదు, కొడుకు పేరు విని ఆమె పిలిచి పక్కన కూచోబెట్టుకుంటుంది. పెద్ద బావదయితే? ఆయన బతికున్నన్నాళ్లూ తమ్ముడితో మాటల్లేవు. దేముడమ్మకి ఏడుపొచ్చింది. ఏడిస్తే అందరికీ తెలిసిపోతుందని బిగబట్టుకుంది.

లేచి, ఆ మూడింటిలో మధ్య రాయి మీద చెయ్యి వేసింది.

"ఇదే" అంది.

నలభై మందీ ఒక్కసారి ఊపిరి వదిలారు. డప్పులు మోగాయి. ఆడపడుచులు ముక్కులు చీదుకుంటూ దగ్గరికొచ్చారు. దేముడమ్మ ముంత వంచింది. అంబలి నున్నటి పెయింటు మీద నిలవకుండా జారి సిమెంటు మీద మడుగు కట్టింది. మట్టయితే పీల్చుకునేది.

"ఫల్గుణా" అని పిలిచింది.

ముప్పై ఏళ్ల కాపురంలో ఆ పేరు పలకడం అదే మొదటిసారి. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. డప్పుల హోరులో ఎవరికీ వినపడదని తెలిసి, రాయికి ముఖం ఆనించి మిగతాది చెప్పింది. "ఇది నీదో కాదో నాకు తెల్దు. ఆ రోజు నీ పేరు సెప్పీసుంటే ఇలగ అయ్యీది కాదు. నువ్వు ఎనక్కి తిరుగుతావని సెప్పలేదు. ఎక్కడుంటే అక్కణ్నించి ఇటొచ్చీ."

పేరు పిలిచాక గుండెల్లో బరువు దిగుతుందని పెద్దవాళ్లు చెప్పేవారు. ఆమె ఆగి చూసింది. ఏమీ దిగలేదు.

తొమ్మిదింటికి గేటు తెరిచారు. ముందుగా ఒక కుటుంబం వచ్చింది. చిన్నపిల్ల పరుగెత్తుకొచ్చి, అంబలి మడుగు దాటి, మధ్య రాయిని కౌగిలించుకుంది. తల్లి ఫోను పైకెత్తి, "అమ్మా, కొంచెం పక్కకి జరుగుతారా?" అని నవ్వుతూ అడిగింది. దేముడమ్మ పక్కకి జరిగింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మంగరాజుని బస్సెక్కించడానికి రోడ్డుదాకా వెళ్లింది. అతను సంచి భుజానికి తగిలించుకుని, ఎటో చూస్తూ, "వొదినా, నిజంగా అదేనా?" అన్నాడు.

"అదే."

"నాకయితే తెలిసింది కాదు. మోసిన నాకే తెల్దు."

"నాకు తెలుసు కదా. నువ్వేటీ మనసులో ఎట్టుకోకు, నిమ్మళంగా ఎల్లు" అంది.

అతను కళ్లు తుడుచుకుని ఆమె కాళ్లకి దండం పెట్టి బస్సెక్కాడు. బస్సు మలుపు తిరిగేదాకా ఆమె నవ్వుముఖంతో నిలబడింది. తర్వాత రోడ్డు పక్కన కూచుని ఏడ్చింది. మొగుడు పోయిన రోజున కూడా ఇలా ఏడవలేదు. ఆ రోజు అతనెక్కడున్నాడో ఆమెకి తెలుసు.