తెగిన కూత

యూనివర్సిటీలో స్పోర్ట్స్ సైకాలజీ ఎమ్మెస్సీ చదువుతున్నానంటే మా బేస్తవారిపేటలో మొదట అడిగేది, రేపు నాకొచ్చేది పిచ్చాసుపత్రిలో ఉద్యోగమా, బడిలో డ్రిల్లు మాస్టారు ఉద్యోగమా అని. మా అమ్మ ఎలీషబా మాత్రం రెండూ కాదని గట్టిగా చెబుతుంది. మరి మూడోది ఏమిటో ఆమెకూ తెలియదు. విడమర్చి చెప్పే ఓపిక నాకెప్పుడో పోయింది.

ఈ చదువెందుకు ఎంచుకున్నారని మొదటిరోజే మా ప్రొఫెసర్ మేడం అందరినీ అడిగారు. ఈతకొట్టేవాళ్ళు, తుపాకీ కాల్చేవాళ్ళు చక్కటి ఇంగ్లీషులో చెప్పారు. నేను ఆటలంటే ఇష్టమని చెప్పి కూర్చున్నాను. అసలు కారణం అది కాదు. తొమ్మిదేళ్ళ కిందట ఒక సాయంత్రం మా కాశయ్య సారు నాతో మాట్లాడలేదు. అది కోపమా, అసహ్యమా, ఇక నేను పనికిరానని తేల్చుకోవడమా? ఆ సంగతి తెలుసుకుంటే తప్ప నాకు మనశ్శాంతి లేదు.

కాశయ్య సారు మా హైస్కూల్లో పీఈటీ. గొర్రెలు కాసుకునే ఇంట్లో పుట్టి, చదువుకుని ఉద్యోగం తెచ్చుకున్న మనిషి. ఆడపిల్లలకు కబడ్డీ జట్టు కట్టింది ఆయనే. పొద్దున్నే గ్రౌండుకు పోగానే ఆట మొదలయ్యేది కాదు. ముందు అందరం వరసగా కూర్చుని పల్లేరుకాయలు ఏరాలి. ఎంత ఏరినా ఒకటి మిగిలేది, అది సరిగ్గా నా కాల్లోనే దిగేది. తర్వాత నీళ్ళు చల్లి, ముగ్గుపిండితో గీతలు గీసి, అప్పుడు ఆట. తడిసిన మట్టి వాసన ఎక్కడ తగిలినా ఇప్పటికీ నా కాళ్ళు ఊరుకోవు.

కూత నిలవాలంటే ఊపిరి నిలవాలి. దానికి సారు ఒక ఉపాయం కనిపెట్టారు. మాలో ఎక్కువమందిమి చర్చికి పోయే పిల్లలం కాబట్టి, సండే స్కూల్లో కంఠస్థం చేసిన వాక్యాలు ఒక్క గుక్కలో చెప్పమనేవారు. ఆయన గుడికి పోయే మనిషే అయినా, వినీవినీ అన్నీ నోటికొచ్చేశాయి. మేము మధ్యలో ఒక ముక్క మింగేస్తే ఇట్టే పట్టేసేవారు.

చిక్కల్లా ఆదివారం వచ్చింది. చర్చిలో వాక్యం చెప్పమంటే లేచి, అలవాటుకొద్దీ కాస్త ముందుకు వంగి, ఊపిరి తీసుకోకుండా మొత్తం చెప్పేశాను. జాకబ్ అయ్యగారు కళ్ళజోడు తీసి, నిన్నెవరు తరుముతున్నారమ్మా అని అడిగారు. నా పక్కనున్న సుప్రియ నవ్వు ఆపుకోలేక నోటికి ఓణీ అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తింది. సుప్రియ మా జట్టు కెప్టెన్. ఇప్పుడు ఇద్దరు బిడ్డల తల్లి, అయినా ఫోన్లో ఆ మాట గుర్తుచేస్తే ఇంకా నవ్వుతుంది. ఆ రోజులు బంగారంలాంటివని చెప్పడానికి నాకేం మొహమాటం లేదు.

పదో తరగతిలో ఉండగా పొదిలిలో స్కూళ్ళ పోటీల ఫైనల్ ఆడాం. ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. ఆఖరి కూత నాది. గీత దాటి నాలుగడుగులు వేశానో లేదో కూత తెగిపోయింది. నన్నెవరూ పట్టుకోలేదు, కనీసం తాకలేదు. గొంతు దానంతటదే ఆగింది. ఓడిపోయాం.

తిరుగు బస్సులో సారు నా ముందు సీట్లో కూర్చున్నారు. మార్కాపురంలో బస్సు మారేటప్పుడు అందరికీ మిరపకాయ బజ్జీలు కొనిచ్చారు. నాకూ ఇచ్చారు, నా ముఖం మాత్రం చూడలేదు. ఊళ్ళో దిగి, వంచిన తల ఎత్తకుండా వెళ్ళిపోయారు. మర్నాటినుంచి నేను గ్రౌండువైపు పోలేదు. పరీక్షలు కాగానే ఇంటర్ చదువుకని హాస్టల్లో చేరిపోయాను.

నా గొంతుకేమైందో యూనివర్సిటీ పుస్తకాల్లో దొరికింది. ఒంటికి బాగా అలవాటైన పనిని, భయంలో మనసు దగ్గరుండి చేయించబోతే ఆ పని చెడుతుందట. పన్నెండు మార్కుల ప్రశ్న అది, నాకు పదకొండు వచ్చాయి. సారుకేమైందో మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. అందుకే ప్రాజెక్టు కోసం ఒక పల్లెటూరి కోచ్‌ను ఇంటర్వ్యూ చేస్తానని మేడంను ఒప్పించి బస్సెక్కాను.

సారు రిటైరై మూడేళ్ళయింది. అయినా పొద్దున పూట బడి పిల్లలకు ఆట నేర్పుతూనే ఉన్నారట. వాళ్ళింటికి పోతే సారు భార్య మస్తానమ్మ అక్క మజ్జిగ ఇచ్చి, చిక్కిపోయావని నన్ను కోప్పడి లోపలికి పోయింది. సారు నేనిచ్చిన అంగీకార పత్రం అక్షరం వదలకుండా చదివి సంతకం పెట్టారు. నేను రాసుకొచ్చిన పన్నెండు ప్రశ్నలకూ బుద్ధిగా జవాబు చెప్పారు. నేను ఫోన్లో రికార్డింగ్ ఆపేశాను. పదమూడోది కాగితం మీద లేదు.

"పొదిలి నుంచి వచ్చేటప్పుడు నాతో ఒక్క మాట గూడ మాట్లాడలేదేంది సార్?"

సారు ఇంటి పక్కనున్న గొర్రెల దొడ్డివైపు తిరిగి చెప్పారు.

"ఏం మొహం పెట్టుకోని మాట్లాడేదమ్మా? నువ్వు కూతకు పొయ్యేటప్పుడు, అంతా నీ మీదనే ఉంది అని అరిచింది నేనే గదా. ఆ మాటకు నీ మొహం మారిపోయింది. నేను చూసినాను. పదిహేనేండ్ల బిడ్డ మీద అంత బరువు పెట్టినాను."

ఆ మాట నాకు బాగా గుర్తుంది. అయితే అది తప్పని ఏనాడూ తోచలేదు, నిజమనుకున్నాను. పదకొండు మార్కుల జవాబులో, ఆటగాళ్ళతో ఆ సమయంలో అనకూడని మాటలకు ఉదాహరణగా ఇంచుమించు అదే రాసి కూడా, సారుకు ముడిపెట్టుకోలేదు. నా చదువు తగలెయ్య.

ఆ ఆట మర్నాడు నేను గ్రౌండుకు రాకపోతే తన మీద కోపంతో రాలేదనుకున్నారట. రెండుసార్లు మా ఇంటిదాకా వచ్చి, తలుపు కొట్టకుండానే వెనక్కి పోయారట. ఇదంతా చెప్పి, పరీక్షకు కూర్చున్న పిల్లవాడిలా నావైపు చూశారు.

"ఇంత చదువు చదివినావు గదమ్మా. ఆ పొద్దు నేను ఏం చెప్పుంటే బాగుండేది?"

ఓడిన ఆటగాడితో ఎలా మాట్లాడాలో నాకు వరసగా ఐదు పద్ధతులు వచ్చు. నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఆ ఐదూ పక్కనబెట్టి చెప్పాను.

"పెద్ద మాటలేం వద్దు సార్. రోజూ ఆటయినాక, రేపు ఆరింటికి రాండి అంటుంటిరి. ఆ పొద్దు అనలేదు. నన్ను రావద్దంటున్నారేమో అనుకున్నా."

అని ఏడ్చేశాను. సారు నన్ను ఓదార్చలేదు. ఆయనకు చేతకానిదల్లా అదే. నేను ముఖం కడుక్కుని సంచి తీసుకుంటే గేటుదాకా వెంట వచ్చి, గడియ మీద చెయ్యి వేసి నిలబడిపోయారు.

"రేపు ఆరింటికి రామ్మా," అన్నారు.

మర్నాడు ఐదున్నరకే గ్రౌండులో ఉన్నాను.