గ్లోబు మీద దారం

చిక్కుడుకాయలు తుంచుతూ అమ్మ ఉన్నట్టుండి అడిగింది, "విమానంలో అంతసేపూ ఏం చేస్తారే?" నాకేం తెలుసు? నేను ఎక్కిన పెద్ద బండి మా బడి బస్సే.

అమ్మ పనిచేసే బట్టల ఫ్యాక్టరీ వాళ్ళు సముద్రాల అవతల ఇంకో నగరంలో కొత్తది తెరిచారు. అక్కడివాళ్ళకి చొక్కా కాలరు కుట్టడం నేర్పడానికి అమ్మని మూడు వారాలు పంపుతామన్నారు. సోమవారానికల్లా కాగితం మీద సంతకం పెట్టి ఇవ్వాలి. ఆ కాగితం ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ అందరూ భూగోళం మాస్టర్లయిపోయారు. నాన్న నా అట్లాసు లాక్కుని స్కేలు పెట్టి గీత గీసి కొలిచాడు. "పదకొండు వేల కిలోమీటర్లు! పదమూడు గంటలు గాల్లో! పక్కూరి బస్సులోనే వాంతి చేసుకుంటావు, నువ్వెళ్తావా?" నానమ్మ అందుకుంది. "అక్కడి ఆడాళ్ళకి చేతుల్లేవా, మన కోడలు వెళ్ళి నేర్పాలి? నా మోకాళ్ళకి మందెవరు రాస్తారమ్మా?" అమ్మ గిన్నెలు తోమే చప్పుడు కొంచెం పెరిగింది.

నాకా పదమూడు నమ్మబుద్ధి కాలేదు. భూమి గుండ్రం, స్కేలేమో తిన్నగా ఉంటుంది. టీచర్ల గదిలో బీరువా మీద గ్లోబు ఉంది. అది ఇమ్మని అడగడానికే నాకు రెండు రోజులు పట్టింది, నోరు పెగిలితే కదా! విమానం ఎక్కే నగరం దగ్గర దారం నొక్కిపెట్టి, దిగే నగరం దాకా బిగించి లాగాను. దారం, అట్లాసులో నాన్న గీత వెళ్ళిన దేశాల మీద నిలవలేదు. పైకి, మంచు ప్రదేశాల వైపు జారిపోయింది. దారాన్ని కొలిచి లెక్క కడితే ఎనిమిది వేల కిలోమీటర్లే. తొమ్మిదిన్నర గంటలు.

ఆదివారం నాన్న బయటికి వెళ్ళాక, నానమ్మ కునుకు తీస్తుంటే, అమ్మకి చెప్పాను. అర్థం కాదేమో అనుకున్నాను. నవ్వేసింది. "భుజం మీద టేపు వేస్తే ఒక కొలత, చొక్కాని బల్ల మీద పరిస్తే ఇంకో కొలత. మీ నాన్న బల్ల మీద కొలిచాడు."

తర్వాత మళ్ళీ విమానం ప్రశ్నలు మొదలుపెట్టింది.

"కూర్చునే ఉండాలా?"

"బెల్టు పెట్టుకుని మరీ."

"అన్నం?"

"వాళ్ళే తెచ్చిస్తారట. తిన్నాక ప్లేటు కూడా వాళ్ళే తీస్తారట."

"మధ్యలో ఎవరూ పిలవరా?"

"గాల్లో ఎవరు పిలుస్తారమ్మా! ఫోను కూడా ఆపేయాలట."

అమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. అవి ఖాళీగా ఉండటం వింతగా అనిపించి అలాగే చూశాను. ఫ్యాక్టరీలో మిషను ముందు కూర్చుంటుంది, కానీ కాలు ఆడుతూనే ఉంటుంది. ఇంట్లో అన్నం పొయ్యి దగ్గర నిలబడే తింటుంది. జ్వరమొచ్చినా, నానమ్మ మూలుగు వినబడగానే లేస్తుంది. ఊరికే కూర్చున్న అమ్మని ఎప్పుడు చూశానా అని చిన్నప్పటి దాకా వెతుక్కున్నాను. ఒక్క రోజూ దొరకలేదు.

"పెన్నిలా ఇవ్వు," అంది. నాన్న కోసం ఆగలేదు. ఒక్కో అక్షరం దిద్దినట్టు, తన పేరు మొత్తం రాసింది. కాగితం మడుస్తూ మడుస్తూ ఆగి, కాస్త చిన్నబోయిన మొహంతో నా వైపు చూసింది.

"తొమ్మిదిన్నరేనా? రేపు మేనేజర్ని అడుగుతాను, చుట్టూ తిరిగి వెళ్ళే విమానమేమైనా ఉందేమో."