లాల్ బీ వేసిన వెలుతురు

కృష్ణవేణమ్మ మేడమ్ "ఆండ్రోమెడా" అంటే, పక్క మిద్దె మీద ఆరేసిన బట్టలు తీసుకుంటున్న రామసుబ్బమ్మకు "ఆంధ్రా మేడ" అని వినబడింది. ఆ వెనకే "ఇరవై ఐదు లక్షలు" అని కూడా వినబడింది. "కాంతి సంవత్సరాలు" అన్న ముక్క మాత్రం సందులో పోతున్న ఆటో చప్పుడులో కలిసిపోయింది. వినబడని ముక్కను రామసుబ్బమ్మ ఎప్పుడూ ఖాళీగా వదలదు, సొంతంగా పూరిస్తుంది. అక్కడికక్కడే కర్నూలుకు ఫోన్ కొట్టి, హజరత్ వలి కూతురు ఆస్మాకు చెప్పేసింది.

"మీ నాయన యాడనో ఆంధ్రా మేడంట, ఇరవై ఐదు లక్షలంట, మాట్లాడుకుంటాండాడు పాపా. ఈ ఇల్లు అమ్మకుండా అంత దుడ్డు యాడ్నించి వస్తాది? నాకెందుకులే, నీకు తెలిసుంటే మేలని చెప్తాండా."

మేం ముగ్గురం హజరత్ వలి మిద్దె ఎక్కేది మేడ కొనడానికి కాదు, ఆకాశం చూడడానికి. మేడమ్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. ఇల్లుగలాయన హజరత్ వలి, నాకు వలన్న, ఆర్టీసీ బస్టాండులో టైంకీపరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన దగ్గర బస్సు తప్పినా టైము తప్పేది కాదు. మూడోవాణ్ణి నేను, రామకృష్ణను. కడప బండల వ్యాపారం నాది. నా జోకులు కూడా బండవే అంటారు మేడమ్. బండలైతే అమ్ముడుపోతాయి, జోకులు పోవు, అంతే తేడా. టెలిస్కోపు అద్దాన్ని మా షాపు వెనక షెడ్డులో, రాళ్లు నున్నగా చేసే పొడితోనే ముగ్గురం చేతులు బొబ్బలెక్కేలా అరగదీశాం.

ఆ చలికాలమంతా మాది ఒకటే తగాదా. విశ్వం ఎంత?

మేడమ్ చెప్పే లెక్క ఇది. విశ్వం పుట్టి పదమూడు వందల ఎనభై కోట్ల ఏళ్లు. కాంతి ఏడాదిలో పోయే దూరాన్ని కాంతి సంవత్సరం అంటారు. అయితే మనకు కనబడే అంచు మాత్రం ఇప్పుడు నాలుగు వేల ఆరు వందల కోట్ల కాంతి సంవత్సరాల అవతల ఉంది.

"అదెట్లమ్మా?" అనేవాడు వలన్న. "ఏడాదికి ఇంతని పోయే బండి పదమూడొందల ఎనభై కోట్ల ఏండ్లు పరిగెత్తితే, అన్ని కాంతి సంవత్సరాలే కదా పోయేది? మిగతా దూరం ఎవురు తోలినారు? నా సర్వీసులో అట్లా రాయించుకున్న డ్రైవరు ఒక్కడూ ల్యా."

"బండి పోయిన దారే సాగుతాండాది వలీ. బెలూన్ ఊదినట్ల."

"దారి సాగేదేంది మేడమ్? కడప నించి కమలాపురానికి నేను చూసినప్పట్నించీ అదే దూరం."

ఈ విషయంలో నేను వలన్న పార్టీ. బండను ఒకసారి కొలిచి లారీకెక్కిస్తే మళ్లీ పెరగదు, పెరిగుంటే నేను ఈపాటికి కోటీశ్వరుణ్ణి. "సాగేది రామసుబ్బమ్మక్క ఫోన్లు ఒకటే వలన్నా," అన్నాను. వలన్న నవ్వలేదు. నవ్వకపోవడానికి కారణం నాకు తెలుసు, తెలిసే అన్నాను. నాకు బాధ కలిగితే నోరు ఊరుకోదు.

కారణం లాల్ బీ. వలన్న భార్య. కిందటి చలికాలంలో ఒక సాయంత్రం మాకు టీ తెచ్చి, గ్లాసులు పిట్టగోడ మీద పెట్టి, మేం చూస్తున్న వైపు చేతిలోని టార్చిలైటు ఎత్తి పట్టింది. "ఎంతసేపూ మీరే వాళ్లను సూసేదేనా? వాళ్లు కూడా నన్ను సూడనీ," అంది. లైటు ఆర్పి, నవ్వుకుంటూ మెట్లు దిగిపోయింది. ఆ నెలలోనే గుండె ఆగిపోయింది.

రామసుబ్బమ్మ బట్టలు తీసుకుంటున్న సాయంత్రం వలన్న అడిగింది ఆ వెలుతురు గురించే.

"మేడమ్, ఆ పొద్దు మా లాల్ బీ వేసిన లైటు ఇంకా పోతాంటాదా?"

"పోతాంటాది. దుమ్ములో కొంత, గాలిలో కొంత ఆగిపోయినా మిగిలింది పోతానే ఉంటాది."

"ఆ కనబడేదాని కాడికి చేరుతాదా?"

"ఆండ్రోమెడాకు చేరుతాది. ఇరవై ఐదు లక్షల కాంతి సంవత్సరాలు. అన్నేండ్లు పడతాది."

"పడనీ మేడమ్. ఆడ్నించి? కొసకు చేరుతాదా?"

మేడమ్ టెలిస్కోపు మూత వెతకడం మొదలుపెట్టారు. మూత ఆమె ఒళ్లోనే ఉంది.

"చేరకేం వలన్నా, నాన్‌స్టాప్ సర్వీసు!" అన్నాను నేను గట్టిగా.

దిగేటప్పుడు మెట్ల మీద మేడమ్‌ను బతిమాలాను. "చేరుతాదని ఒక్క మాట అంటే ఏం పోతుంది మేడమ్?"

"చేరదప్పా. దారి సాగుతా ఉంటే కొస దానికన్నా ముందర పరిగెత్తుతాది. నేను పాఠం మార్చి చెప్పొచ్చు. కానీ లాల్ బీ పేరు మీద అబద్ధం ఎట్లా ఆడేది?"

అప్పుడు అర్థమైంది నాకు, దారి సాగుతుందంటే వలన్న ఎందుకు ఒప్పుకోడో. ఆయన దెబ్బలాడుతున్నది లెక్కతో కాదు. దారి సాగకపోతేనే ఆ వెలుతురు చేరుతుంది.

మర్నాడు పొద్దున్నే ఆస్మా కర్నూలు బస్సు దిగి నేరుగా ఇంటికొచ్చింది. రామసుబ్బమ్మ వెనకే వచ్చి గడపలో నిలబడింది. ఏం గొడవ జరుగుతుందోనని నేను, మేడమ్ కూడా చేరాం.

"ఇల్లు అమ్ముకో నాయనా, నీ ఇష్టం," అంది ఆస్మా, చేతిలో సంచి కూడా దించకుండా. "నాకు వాటా వద్దు, ఏమీ వద్దు. మా అమ్మ పరుపు మాత్రం నాకియ్యి."

పరువు గురించి వచ్చిందనుకుంటే పరుపు గురించి వచ్చిందే అనుకున్నాను. అనుకున్నాను గానీ పైకి అనలేదు. వలన్న ముఖం అట్లా ఉంది.

"ఇల్లెవురు అమ్ముతాండారు పాపా?" అన్నాడు. జవాబు కోసం ఆగలేదు. "పరుపు ఇయ్యను."

ఆస్మా లోపలి గదిలోకి పోయింది. మేం గుమ్మం దగ్గరే ఆగిపోయాం. మంచం మీద పరుపు, దుప్పటి కూడా లేకుండా ఉంది. గోడ వైపు ఒక గుంత. మనిషి పక్కకు తిరిగి పడుకుంటే పడే గుంత. వలన్న వాళ్ల నాయన, తాత దూదేకేవాళ్లు. ఉద్యోగం వచ్చినా వలన్న ఆ దూదేకే విల్లును పారెయ్యలేదు. ఇంట్లో పరుపులు గట్టిపడితే ఏటా ఎండాకాలం ముందు తనే విప్పి, దూది ఏకి, మళ్లీ కుట్టేవాడు. ఈ ఒక్క పరుపును ఏడాదిగా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

ఆస్మా గుంతలో చెయ్యి పెట్టి, కాసేపటికి తీసింది.

"ఇట్లనే ఉంచితే రాయి అయితాది నాయనా. అమ్మ ఉంటే ఊరుకుంటాండెనా? ఎప్పుడో నీ చేతికి విల్లు ఇచ్చుండేది."

వలన్న అటక మీంచి విల్లు దించాడు.

మిద్దె మీద దుప్పటి పరిచి పరుపు పడుకోబెట్టారు. కుట్లు వలన్నే విప్పాడు. వేళ్లతో, ఒక్కొక్కటే. గుంత ఉన్నచోట దూది నల్లబడి అట్ట కట్టింది. దాన్ని ముందుకు లాక్కొని, విల్లు ఆనించి, చెక్క గుండుతో దానికి కట్టిన నరాన్ని మీటాడు. ధుంయ్ మని మోగింది. వీధిలో ఆ చప్పుడు విని ఎన్నాళ్లయిందో, చుట్టుపక్కలవాళ్లు ఒక్కొక్కరే మెట్లెక్కి వచ్చారు. గుప్పెడు అట్ట ఉబ్బి చేటెడు అయింది, చేటెడు గంపెడు అయింది.

ఉన్నట్టుండి వలన్న చెయ్యి ఆగిపోయింది.

"మేడమ్, ఇట్లా రండి," అన్నాడు. దూదిలో పత్తిగింజల నలుసులు అక్కడక్కడా ఉన్నాయి. "ఈ నలుసు, ఆ నలుసు ఇందాక అంటుకోని ఉన్నెయి. ఇప్పుడు సూడండి, జానెడు దూరం. దేన్నీ నేను జరపలే. నడుమ దూదే ఉబ్బింది."

"అవును వలీ," అన్నారు మేడమ్ మెల్లగా.

"ఈ నలుసు కాణ్ణించి ఒక చీమ బయల్దేరిందనుకో. అది దాని నడకే నడుస్తాది. కానీ అది దాటొచ్చిన దూది కూడా వెనకాల ఉబ్బుతానే ఉంటాది. అందుకే మీ లెక్క అంత పెద్దది."

"అవును."

"దాని ముందర ఉండేది కూడా ఉబ్బుతానే ఉంటాది." వలన్న తల ఎత్తలేదు. "అయితే చేరదు."

"చేరదు వలీ."

నేను పక్కకు రాలిన దూదిని ఏరి దుప్పటి మీద వేశాను.

"ఏం చేరదు? ఏం మాట్లాడుకుంటాండారు మీరు?" అంది ఆస్మా. ఆమె వెనక రామసుబ్బమ్మ అందుకుంది. "ఆ మేడ సంగతే పాపా! ఇరవై ఐదు లక్షలకు బేరం కుదరలేదేమో!"

మేడమ్ అందరి వైపూ తిరిగారు. "అది మేడ కాదు రామసుబ్బమ్మా, ఆండ్రోమెడా. కోట్లకోట్ల చుక్కలుండే పెద్ద గుంపు. ఇరవై ఐదు లక్షలు రూపాయలు కాదు. ఈ మిద్దె మీద వేసిన దీపం వెలుతురు ఆడికి పోనీకె పట్టే ఏండ్లు. ఈ ఇల్లు ఎవురూ అమ్మేది ల్యా."

"అంత దూరం ఏంటికి మేడమ్ లెక్క?" అని ఎవరో అన్నారు.

మేడమ్ వలన్న వైపు చూశారు. చెప్పాల్సింది ఆయనే. చెప్పాడు. లాల్ బీ టీ తేవడం, టార్చి ఎత్తడం, ఆమె అన్న మాట, అంతా వీధి మొత్తం ముందు చెప్పాడు. ఏడాదిలో ఆ పేరు ఆయన నోట అంతసేపు వినడం అదే మొదటిసారి. రామసుబ్బమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కింద కూర్చుండిపోయింది.

ఆస్మా తండ్రి పక్కన కూర్చుని, దూదిలో చేతులు పెట్టింది.

"కొసకు చేరకపోతే, మరి యాడికి పోతాది నాయనా అమ్మ లైటు?"

"పోతాంటాది పాపా. అంతే." వలన్న విల్లు సవరించుకున్నాడు. "ఆ ఉండ ఇట్లియ్యి. సాయంత్రానికి కుట్టేస్తే నువ్వు ఎత్తుకోని పోవచ్చు."