గార్డు సారు బాగుందన్న రోజు

నేను ఒక బల్లను. అసలు పుట్టుక చెప్పాలంటే బేతంచెర్ల గనిలోని నల్లబండను. నాతో పాటు అదే పొరలోంచి లేచినవాళ్లు కొందరు ఇళ్లలో నేలలయ్యారు, కొందరు వంటింటి గట్లయ్యారు. నన్ను మాత్రం నాలుగడుగుల పొడవున కోసి, నీళ్లు పోస్తూ నున్నగా సాన పట్టి, ఇనప కాళ్లు బిగించారు. ఆ కాళ్లలో ఒకటి అరంగుళం పొట్టి. దాని కింద పెట్టే అట్టముక్కను ఎందరో మార్చారు, కాలును మార్చినవాడు లేడు.

మొదట ఒక రేషన్ డీలరు నన్ను కొని నా మీద త్రాసు పెట్టాడు. మనుషులతో నా తొలి పరిచయం అదే. జనం త్రాసు ముల్లు వైపు చూసేవాళ్లు, డీలరు జనం కళ్ల వైపు చూసేవాడు. కరెంటు కాటా వచ్చాక నాతో పని తీరిపోయింది. అప్పుడే డోన్ స్టేషన్ రోడ్డులో టిఫిన్ హోటలు పెట్టబోతున్న ఓబులేసు వచ్చి, నన్ను అరచేత్తో రెండుసార్లు చరిచి, ఎద్దుల బండి మీద వేసుకుని తీసుకుపోయాడు.

ఆ హోటల్లో బల్లలు మొత్తం ఆరు. నాకు పొయ్యి పక్కన చోటిచ్చారు. ఎదురుగా ఓబులేసు, పెనం, చట్నీ గిన్నె. లోపలి గుమ్మంలో అతని భార్య మద్దిలేటమ్మ. పిండి రుబ్బడం, గిన్నెలు తోమించడం ఆమె పని. గరిటె మాత్రం ఆమె చేతికి ఇచ్చేవాడు కాదు. "నా చెయ్యి నాది, నీ చెయ్యి నీది" అనేవాడు. ఆమె దానికి ఎప్పుడూ ఎదురు చెప్పలేదు.

హోటలుకొచ్చే మనుషుల గురించి కాస్త చెప్పాలి. లోపలికి రాగానే "ఏమేముండాయి?" అని అడుగుతారు. ఓబులేసు ఊపిరి తీసుకోకుండా ఉగ్గాని, బజ్జీ, ఇడ్లీ, వడ, దోసె, పూరీ, ఉప్మా అని చదివేవాడు. వాళ్లు పైకప్పు వైపు చూస్తూ, పిల్లకు సంబంధం చూస్తున్నంత సేపు ఆలోచించి, "రెండిడ్లీ" అనేవాళ్లు. ఇడ్లీ అయిపోయి చట్నీ మిగిలితే చట్నీ కోసం మరో ఇడ్లీ, ఇడ్లీ మిగిలితే ఇడ్లీ కోసం మరింత చట్నీ. ఆ రెండూ ఒకేసారి అయిపోయిన మనిషిని పదమూడేళ్లలో నేను చూడలేదు. "డాక్టరు నూనె వద్దన్నాడప్పా, దోసె నూనె లేకుండా పొయ్యి" అన్న పెద్దమనిషి, ఆ దోసె వచ్చేలోపు నాలుగు మిరపకాయ బజ్జీలు తినేవాడు. ఇక ఆదివారాలు ఖాళీ లేనప్పుడు, తింటున్నవాడి వెనక నిలబడి వాడి ఇడ్లీని కళ్లతో తోసేవాళ్లుంటారు. ఆ చూపుకు పొలమారి దగ్గినవాళ్లను లెక్కలేనంతమందిని చూశాను.

అందరూ వచ్చేది ఓబులేసు బుడ్డల చట్నీ కోసం. వేరుశెనక్కాయల్ని అక్కడ బుడ్డలంటారు. వాటిని అతను వేయించేటప్పుడు గింజను చూసేవాడు కాదు, మొహం పక్కకు తిప్పి వాసన పీల్చేవాడు. సరైన క్షణంలో మూకుడు దించేవాడు. రుబ్బాక ఒక చుక్క ఎడమ చేతి మీద వేసుకుని నాకి, ఇంకో చిటికెడు ఉప్పో, ఇంకో రెబ్బ చింతపండో వేసేవాడు. అంతే. కొలత లేదు, చెంచా లేదు.

రోజూ పొద్దున ఏడింటికి నా దగ్గర కూర్చునేవాడు దస్తగిరి గార్డు. రైల్వేలో గూడ్సు బండ్లకు గార్డుగా చేసి రిటైరైన మనిషి. భార్య పోయింది, కూతురు అదే ఊళ్లో కాపురముంటోంది, వంట చేసుకోవడం ఈయనకు రాదు. తెల్లచొక్కా గుండీలన్నీ పెట్టుకుని, చేతి గడియారం చూసుకుని కూర్చునేవాడు. మొదటి ముక్క నోట్లో పెట్టుకున్నాడో లేదో మొదలుపెట్టేవాడు.

"ఏమప్పా ఓబులేసూ, ఉప్పు ఏ స్టేషన్లో దిగిపోయినాది?"

"దిగల్యా సార్. మీరే ముందు డబ్బాలో కూర్చున్యారు. ఉప్పు ఎనక డబ్బాలో వస్తాంది, కలుపుకోండి."

"వడకు రంధ్రం ఇంత పెద్దదేంటికప్పా? సొరంగమా?"

"మీ రైలు పోవల్ల కదా సార్!"

పక్క బల్లలవాళ్లు తినడం ఆపి నవ్వేవాళ్లు. పదకొండేళ్లు ఆయన ఒక్కనాడూ బాగుందనలేదు, ఒక్కనాడూ మానలేదు. పండగ పూట హోటలు మూస్తే మూసిన తలుపు ముందు కాసేపు నిలబడి గడియారం చూసుకుని వెళ్లేవాడట. ఆయన వంక పెట్టిన రోజు ఓబులేసు చేతిలో గరిటె మరింత జోరుగా తిరిగేది. ఎప్పుడైనా ఆయన ఏడుంబావు దాకా రాకపోతే, దోసె పోస్తూ పోస్తూ వీధిలోకి తొంగి చూసేవాడు.

తర్వాత ఒక ఏడాది ఊరంతా జ్వరాలొచ్చాయి. ఓబులేసు పద్నాలుగు రోజులు మంచం మీద ఉన్నాడు. హోటలు మూసేశారు. నా మీద దుమ్ము పేరుకుంది.

పదిహేనో రోజు అతను వచ్చాడు. చిక్కిపోయాడు గానీ మొహంలో ఉత్సాహముంది. పొయ్యి వెలిగించాడు. మూకుట్లో బుడ్డలు పోశాడు. అలవాటుగా మొహం పక్కకు తిప్పి నిలబడ్డాడు. బుడ్డలు ఎర్రబడ్డాయి, తర్వాత గోధుమరంగుకు వచ్చాయి, తర్వాత నల్లబడి పొగ లేచింది. అతను అలాగే నిలబడి ఉన్నాడు. వాసన కోసం ఎదురుచూస్తున్నాడు.

లోపల్నుంచి మద్దిలేటమ్మ దగ్గుకుంటూ పరుగెత్తుకొచ్చింది. "ఏమయ్యా! మాడిపోతాంటే సూస్తాండావా?"

అతను మూకుడు వైపు చూశాడు. ఒక గింజ తీసి నమిలాడు. ఉప్పు డబ్బాలో వేలు ముంచి నాకాడు. మళ్లీ ముంచి నాకాడు.

"ఇసక మాదిరి ఉండాది" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఏమే, ఎవురికీ చెప్పొద్దు" అన్నాడు.

డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చారు. పోయిన రుచీ వాసనా తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడట. వంటచేసేవాడికి ఆ మాట చెప్పి ఏం చేసుకోమంటాడో ఆ డాక్టరు చెప్పలేదు.

మొదట చెంచాలు కొన్నారు. ఇన్ని బుడ్డలకు ఇంత ఉప్పు అని కొలత పెట్టుకున్నాడు. కానీ ఒక మూటలో చింతపండు పులుపు ఇంకో మూటలో ఉండదు, ఈ వారం మిరపకాయ కారం వచ్చే వారం మిరపకాయకు ఉండదు. చెంచాకు అదేం తెలుస్తుంది? అప్పుడు హోటలు పెట్టాక మొదటిసారి గరిటె మద్దిలేటమ్మ చేతికొచ్చింది. పాపం, ఆమెకు రక్తపోటు. ఆరేళ్లుగా ఉప్పులేని కూడు తింటోంది. చుక్క నాలిక మీద వేసుకోగానే "అబ్బ, ఉప్పు!" అనేది. ఆమె సరిపోయిందన్న చట్నీ చప్పగా ఉండేది. అది తెలిసి అతను మరో చెంచా వేస్తే నోట్లో పెట్టలేనంత ఉప్పయ్యేది. ఇద్దరూ గిన్నెకు అటొకరు ఇటొకరు నిలబడి, ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు.

ఊరికి తెలియకుండా ఉంటుందా? వారంలో తెలిసిపోయింది. కానీ ఒక్కరూ నోరు తెరిచి చెప్పలేదు. ఆ మనుషులే, పూరీ పొంగలేదని గొడవపడిన మనుషులే, ఇప్పుడు "బాగుండాదన్నా" అని చెయ్యి కడుక్కుని పోయేవాళ్లు. చప్పగా ఉంటుందని తెలిసి కొందరు ఇంటినుంచి కాగితం పొట్లంలో ఉప్పు తెచ్చుకునేవాళ్లు. ఓబులేసు అటు తిరగగానే జేబులోంచి పొట్లం తీసి, చట్నీలో చల్లుకుని, దొంగల్లా మళ్లీ జేబులో పెట్టుకునేవాళ్లు. నా మీద రాలిన ఉప్పు ఒకచోట పోగేస్తే ఒక పూట వంటకు సరిపోయేది. మరీ ఉప్పైన రోజున ఒక బడిపంతులు గిన్నెలోని చట్నీ అంతా నా కాలి మీద ఒంపేశాడు. అంత ప్రేమగా నన్ను ఎవరూ తడపలేదు.

అయితే ప్రేమతో కడుపు నిండదు కదా. మొదట ఆదివారం గుంపు తగ్గింది. తర్వాత నా వెనక నిలబడేవాళ్లు పోయారు. తర్వాత కూర్చునేవాళ్లు. తలుపు ముందునుంచి పోవడానికి మొహం చెల్లక, ఎదురు వరస మీదుగా తలొంచుకుని పోయేవాళ్లు.

గార్డు సారు మాత్రం రోజూ ఏడింటికి వచ్చేవాడు. వంకలూ పెట్టేవాడు. కాకపోతే ఉప్పు మాట ఎత్తడం మానేశాడు. ఫ్యాను తిరగడం లేదనేవాడు, నా కాలు ఊగుతోందనేవాడు, గ్లాసు మీద మచ్చ ఉందనేవాడు. ఓబులేసు కూడా జవాబులు చెప్పేవాడు. ఇద్దరి గొంతుల్లోనూ పాత ఊపు లేదు.

ఒకరోజు పొద్దున చట్నీలో ఉప్పు రెండుసార్లు పడింది. మద్దిలేటమ్మ ఒకసారి వేసింది, ఆమె వేయలేదనుకుని ఇతను మరోసారి వేశాడు. గార్డు సారు ముక్క ముంచి నోట్లో పెట్టుకున్నాడు. ఆయన కంట్లో నీళ్లు తిరిగాయి. నమిలాడు. నీళ్లు తాగాడు. మళ్లీ ముంచాడు.

ఓబులేసు గరిటె పట్టుకుని దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "ఎట్లుండాది సార్ ఈ పొద్దు?"

గార్డు సారు తల ఎత్తకుండా అన్నాడు: "బాగుండాదప్పా. శానా బాగుండాది."

ఓబులేసు కదలకుండా నిలబడ్డాడు. పెనం మీద దోసె మాడుతోంది. అది అతనికి తెలియదు. ఆ మొహాన్ని నేను కింద నుంచి చూశాను. చెంపదెబ్బ తిన్నవాడి మొహం కూడా అంతకంటే నయంగా ఉంటుంది. లోపలికి వెళ్లి గోడకానుకుని కూర్చున్నాడు.

"ఏమాయెనయ్యా?" అంది మద్దిలేటమ్మ.

"సారు బాగుందన్న్యాడే."

ఆమె బయటికొచ్చింది. పెనం మీది దోసె తీసి, పొయ్యి ఆర్పేసింది.

మర్నాడు తెల్లవారుతూనే గార్డు సారు వచ్చాడు. అయిదు కాలేదింకా. నా ముందు కూర్చుని, "ఊరంతా తెలుసప్పా, దాచొద్దు" అన్నాడు. "నిన్న నేను తప్పు చేసినాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. పోనీ. ఇకమీద నేను చెప్తా, నువ్వు చెయ్యి. నా నాలిక యాడికీ పోలేదు కదా."

ఓబులేసు వద్దన్నాడు. ఆయన వినలేదు. ఆ రోజునుంచి ఆయన చేతి మీద చుక్క, ఓబులేసు చేతిలో చిటికె. "ఇంకొంచెం. ఇంకొంచెం. ఆగు, ఎర్ర లైటు!" అని అరిచేవాడు. సరిపోయాక పచ్చజెండా ఊపినట్టు తువ్వాలు ఊపేవాడు. మద్దిలేటమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. బుడ్డలు వేగేటప్పుడు గార్డు సారే మూకుడు పక్కన ముక్కు పెట్టి నిలబడేవాడు. రెండు వారాలకు నాలుగు బల్లలు నిండాయి. పంతులు మళ్లీ వచ్చి చట్నీ రెండుసార్లు అడిగి వేయించుకున్నాడు. నా వెనక ఒకతను నిలబడ్డాడు కూడా.

ఆ రోజుల్లో ఓబులేసు నవ్వాడా అంటే నవ్వాడు. కానీ అందరూ పోయాక ఒక్కడే గిన్నె దగ్గర కూర్చుని, చేతి మీద చుక్క వేసుకుని నాకి, కళ్లు మూసుకుని రుచి కోసం కాసేపు ఎదురుచూసేవాడు. తర్వాత చెయ్యి కడుక్కునేవాడు.

ఇరవై మూడో రోజు గార్డు సారు రాలేదు. ఇరవై నాలుగో రోజూ రాలేదు. ఆసుపత్రిలో చేర్చారని తెలిసి ఓబులేసు టిఫిన్ క్యారేజీలో ఇడ్లీలు సర్దుకుని వెళ్లాడు. తిరిగొచ్చి క్యారేజీ నా మీద పెట్టాడు. మూత కూడా తీయలేదు.

"పక్షవాతమంట. కుడిపక్క పడిపోయినాది" అని భార్యతో చెప్పాడు. "ఆయనక్కూడా రక్తపోటు ఉండాదంట. మనతో ఒక్కనాడన్నా చెప్పినాడా? దినామూ తెల్లారేసరికి ఉప్పూ కారమూ నాకినాడు మన కోసం."

"మాట్లాడినాడా?"

"మాట రాల్యా. నన్ను చూసి చెయ్యి ఎత్తబోయినాడు. ఆయమ్మ, కూతురు, బయటికొచ్చి దండం పెట్టి చెప్పింది. 'మా అబ్బాను ఇంక వదిలిపెట్టండన్నా' అని. కోపంగా గూడ చెప్పల్యా."

మద్దిలేటమ్మ క్యారేజీ తీసుకుని లోపలికి పోయింది. ఆ వారంలోనే హోటలు మూతపడింది. గార్డు సారు రంజాను ముందు పోయాడని వీధిలో ఎవరో అనుకుంటుండగా విన్నాను. ఓబులేసు శవయాత్ర వెనక దూరంగా నడిచాడట. ఆ ఇంటి ముందుకు మాత్రం పోలేకపోయాడట.

మిగతా బల్లల్ని ఎవరెవరో తీసుకెళ్లారు. నా కాళ్లు తుప్పు పట్టాయని పాత ఇనుమువాడు కాళ్లు మాత్రం ఊడదీసుకుని, బండను గోడకు చేర్చి పోయాడు. కొన్నాళ్లకు పంచరు షాపు మస్తాను నన్ను మోయించుకెళ్లి, తన షాపు ముందు మురుగుకాలువ మీద వేశాడు. ఇప్పుడు నా మీద ఎవరూ ఏమీ తినరు. సైకిళ్లు నిలబెడతారు, ఉమ్ముతారు, దాటిపోతారు. కింద నీళ్లు కదలవు.

మొన్నొక పొద్దున ఓబులేసు సైకిలు తోసుకుంటూ వచ్చాడు. వెనక చక్రంలో గాలి లేదు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. మస్తాను ట్యూబు బయటికి తీస్తూ, "యాడ చేస్తాండావన్నా ఇప్పుడు?" అని అడిగాడు.

"హైవే మీద డాబాలో. పిండి రుబ్బుతా, గిన్నెలు కడుగుతా. దానికి నాలిక ఏంటికి?"

"రాలేదా మళ్లీ?"

"రాల్యా."

మస్తాను ట్యూబును నీళ్లలో ముంచాడు. బుడగలొచ్చిన చోట వేలుపెట్టి, కాసేపు పనిలో ఉన్నట్టు నటించాడు. "మరి ఏం తింటాండావన్నా?" అన్నాడు చివరికి.

ఓబులేసు సరిగ్గా నా నడిమధ్యన నిలబడి ఉన్నాడు. కిందికి చూడలేదు.

"ఏది పెడితే అది తింటా" అన్నాడు. "రుచి పోయినాది గానీ ఆకలి పోలేదు మస్తానూ. దినాము మూడుసార్లు తప్పకుండా వస్తాది."

చక్రం బిగించాక సైకిలెక్కి వెళ్లిపోయాడు.