మూడో లెక్కలో సబ్బు

గిన్నెలు తోమేటప్పుడే నాకు లెక్కలు బాగా తడతాయి. చేతుల పని చేతులు చేసుకుపోతుంటాయి, బుర్ర ఖాళీగా ఉంటుంది. కుళాయి కింద బకెట్ నిండుతుంటే, పక్కన ఇంకో కుళాయి కూడా ఉంటే ఎంతసేపట్లో నిండేదా అనుకుంటాను. మర్నాడు అదే పరీక్ష పేపర్లోకి వెళ్తుంది. పొయ్యి గట్టు మీద చిత్తు కాగితాలు పెట్టుకుని, తడి చెయ్యి తుడుచుకుని గబగబా రాసేసి మళ్ళీ గిన్నెల్లో పడతాను. ఆరోజూ అలాగే రాస్తుంటే "అయ్యాయా?" అని హాల్లోంచి ఈయన అడిగారు. అడిగింది గిన్నెల గురించి కాదు, పేపర్ల గురించి.

మేమిద్దరం ఒకే స్కూల్లో లెక్కలు చెబుతాం. ఆయన పై క్లాసులకి, నేను ఎనిమిదో క్లాసుకి. ఆయన పెద్ద మాస్టారు, నేను చిన్న టీచర్ని. మా స్కూల్లో పరీక్షంటే ఒకరు రాయడం, బెంచీ మొత్తం దింపుకోవడం. సంచులు బయట పెట్టించాం, బెంచీలు దూరం జరిపాం, అరిచి అరిచి గొంతులు పోగొట్టుకున్నాం. ఏం లాభం లేకపోయింది. అప్పుడు నాకు తట్టింది, రెండు రకాల పేపర్లు చేద్దామని. చూడ్డానికి రెండూ ఒకటే, అవే లెక్కలు, అవే మాటలు. మధ్యలో అంకెలు మాత్రం మారతాయి. పక్కపక్కన కూర్చున్నవాళ్ళకి ఒకటి విడిచి ఒకటి ఇస్తాం, ఆ సంగతి పిల్లలకి చెప్పం. పక్కవాడిది చూసి రాసినవాడు తన చేత్తోనే దొరికిపోతాడు.

నా చిత్తు కాగితాలు ఈయన టైప్ చేసి, ప్రింట్లు తీసుకొస్తారు. మీటింగులో ప్రిన్సిపాల్ మేడమ్ "ఇదీ మన పెద్ద మాస్టారి పద్ధతి" అని మెచ్చుకుంటే అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఎవరూ కొట్టమనలేదు, చేతులు వాటంతటవే లేచాయి. తర్వాత వేరే స్కూలువాళ్ళు పిలిచి ఆ పద్ధతి గురించి మాట్లాడమంటే, ఆయన వేసుకెళ్ళిన చొక్కా ఇస్త్రీ చేసిందీ నేనే. నా పేరు కూడా ఒక మాట అనాల్సింది కదండీ అని నవ్వుతూనే అన్నాను ఇంటికొచ్చాక. "ఇంట్లో కూడా నీది నాది అని గీతలు గీస్తావేంటి? నువ్వూ నేనూ వేరా?" అన్నారు. అత్తయ్య టీవీ మీంచి చూపు తిప్పకుండానే "వాడికి పేరొస్తే నీకు రానట్టా?" అంది. రెండు మాటలూ సబబుగానే అనిపించాయి. నిజమే కదా, మొగుడూ పెళ్ళాల మధ్య వాటాలేంటి అనుకున్నాను. అనుకున్నాను గానీ అరగలేదు.

మొన్న పరీక్ష మొదలైన కాసేపటికే క్లాసంతా కిసుక్కుమంది. "టీచర్, మూడో లెక్కలో సబ్బేంటి?" అని వెనక బెంచీవాడు లేచాడు. పేపర్ తీసి చూశాను. "ఒక ట్యాంకును మొదటి కుళాయి ఆరు గంటల్లో, వస్తూ సబ్బు తేవాలి, రెండో కుళాయి మూడు గంటల్లో నింపుతాయి" అని అచ్చయి ఉంది. నా చిత్తు కాగితంలో రెండు లైన్ల మధ్య ఖాళీ దొరికితే నాకోసం రాసుకున్న మాట అది. ఈయన చదివి టైప్ చేస్తే కదా. ఉన్నది ఉన్నట్టు దింపేశారు. "ప్రింటింగ్ పొరపాటు, కొట్టేసుకోండి" అన్నాను. స్టాఫ్ రూములో ఈయన కూడా అదే అన్నారు, అందరూ నవ్వారు. సబ్బు ఎవరిదని ఒక్కరూ అడగలేదు.

సాయంత్రం పేపర్లు దిద్దుతుంటే హీరో దొరికాడు. జేబులో దువ్వెన లేనిదే క్లాసుకి రాడు కాబట్టి వాడికా పేరు. వాడి పేపర్లో కుళాయిలకి పన్నెండు గంటలూ ఆరు గంటలూ ఇచ్చాం. వీడు ఆరూ మూడూ వేసుకుని, రెండు గంటల్లో నిండుతుందని దర్జాగా తేల్చాడు. అది పక్కన కూర్చున్న పిచ్చుక జవాబు. పిచ్చుకంటే మా క్లాసులో సన్నగా, గొంతు పైకి రాకుండా ఉండే పిల్ల. లెక్క ఇస్తే మాత్రం నాకంటే ముందు చేసేస్తుంది. చూసినవాళ్ళకీ చూపించినవాళ్ళకీ ఇద్దరికీ సున్నా అని ఈయనే మీటింగులో రూలు పెట్టించారు. ఈ పరీక్షలో సున్నా వస్తే వచ్చే ఏడాది లెక్కల ప్రత్యేక సెక్షన్లో సీటుండదు. పిచ్చుక ఏడాదంతా కలవరించింది ఆ సీటు కోసమే.

మర్నాడు ఖాళీ క్లాసులోకి పిలిచి, ఎందుకు చూపించావని అడిగాను.

"చూపించలేదు టీచర్. పేపర్ మీంచి చెయ్యి తీశానంతే."

"ఎందుకు తీశావు?"

"తియ్యమన్నాడు. తియ్యకపోతే పొగరంటారు. తీస్తే మంచిదంటారు." మళ్ళీ తనే అడిగింది, "పేపర్ మీరే రాశారు కదా టీచర్?"

"పెద్ద మాస్టారు రాశారు. నీకెందుకలా అనిపించింది?"

"సబ్బుంది కదా. మా ఇంట్లో సబ్బు అయిపోయిందని మా నాన్నకి ఎప్పుడూ తెలీదు టీచర్."

నవ్వాలో ఏడవాలో తెలీలేదు. హీరోని నేను అంకెలతో పట్టుకున్నాను, ఈ పిల్ల మా ఆయన్ని సబ్బుతో పట్టుకుంది. పద్ధతి ఒకటే, ఆ పద్ధతి నాదే. ఇంటికి నడుస్తున్నంతసేపూ బుర్రలో ఒకటే గోల. హీరో చేసింది దొంగతనమైతే ఈయన చేసింది కాపురమెలా అయింది? కాపురమే అనుకుంటే హీరోగాడూ స్నేహమంటాడు, వాడినేమనాలి? పోనీ ఈయన తప్పు చేశారంటే, ఇన్నేళ్ళూ కాగితాలు చేతికందించింది ఎవరు? నేనే కదా. ఇష్టంగా ఇచ్చానా, పొగరంటారని ఇచ్చానా? ఎంత తవ్వినా గుర్తు రాలేదు. దుకాణం దాటి ఇల్లు చేరాక గానీ సబ్బు మర్చిపోయానని తెలీలేదు.

టీ ఇస్తూ పిచ్చుక సంగతి చెప్పాను. "రూలు రూలే. ఇద్దరికీ సున్నా వెయ్యి. నన్నడిగితే చూపించినవాళ్ళదే ఎక్కువ తప్పు. చూపించేవాళ్ళు లేకపోతే చూసేవాళ్ళెక్కణ్ణుంచి వస్తారు?" అన్నారు, కప్పులో టీ ఊదుకుంటూ.

"అయితే మొదటి సున్నా నాకే వెయ్యాలి" అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. నిజానికి నాకూ పూర్తిగా కాలేదు, మాట ముందొచ్చేసింది. "ఎండలో వచ్చావు, కాసేపు పడుకో" అన్నారు. పడుకోలేదు. ప్రిన్సిపాల్ మేడమ్‌కి ఫోన్ చేశాను. ఇద్దరికీ రేపు వేరే గదుల్లో మళ్ళీ పరీక్ష పెడతానని, సున్నాలు అప్పుడు చూద్దామని చెప్పాను. "పేపర్ పెద్ద మాస్టారు ఇస్తారా?" అని ఆవిడ అడిగారు. "లేదండీ, నేనే ఇస్తాను. మొదట్నుంచీ నేనే ఇస్తున్నాను" అన్నాను. "సరే, తీసుకురండి" అన్నారు. అందులో మెచ్చుకోలుందో చిరాకుందో నాకు తెలీలేదు.

గిన్నెలు సింకులోనే వదిలేసి భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాను. కూర్చుని లెక్కలు రాయడం కొత్తగా ఉంది, మొదటి లెక్క ఎంతకీ తట్టలేదు. తట్టాక ఆగలేదు. సగం రాశానో లేదో ఈయన నా వెనకకొచ్చి నిలబడి, ఎప్పట్లాగే చెయ్యి చాచారు. "ఇటివ్వు, టైప్ చేసేస్తాను. మేడమ్ దగ్గర నువ్వేదో తేడాగా మాట్లాడావటగా, ఇప్పుడే ఫోన్ చేశారు. నేను సర్ది చెబుతాలే."

ఆ చెయ్యి చూస్తే జాలేసింది, కోపమొచ్చింది, ఇచ్చేద్దామనీ అనిపించింది. నా కుడిచెయ్యి కాగితం అంచు పట్టుకుంది కూడా. అంతలో ఎడంచెయ్యి దానంతటదే వచ్చి కాగితానికి అడ్డంగా పడుకుంది.

"ఏమైందే నీకు?" అంది అత్తయ్య హాల్లోంచి.

ఏమైందో నాకు మాత్రం తెలుసా. రోజూ క్లాసులో అనీ అనీ అరిగిపోయిన మాటే నోటికొచ్చింది.

"ఎవరి పేపర్ వాళ్ళు రాసుకోవాలి" అన్నాను. అని, చెయ్యి తియ్యకుండానే తర్వాతి లెక్క మొదలుపెట్టాను. "సబ్బు అయిపోయింది. వెళ్ళి తీసుకురండి."